గొంతెమ్మ, రెండో ట్రాకు

డిస్కుల్లోని పాత సీరియలును కంప్యూటరులోకి ఎక్కించాలి, గొంతు మాత్రం ఒక్కటే ఎంచుకోవాలి. మొదటి ట్రాకా, రెండో ట్రాకా. రెండూ ఉంచుకుంటానంటే కంప్యూటరుకేం అభ్యంతరం లేదు, అభ్యంతరమంతా హాల్లో టీవీ కింద కూర్చుని ఫైళ్ళు ఆడించే ఆ నల్లడబ్బాది. రెండు గొంతులున్న ఫైలు ఇస్తే దానికి తిక్క పుట్టి ఒక ఎపిసోడు ఒక గొంతుతో, మరో ఎపిసోడు ఇంకో గొంతుతో వినిపిస్తుంది. "ఒక్కటే ఉంచు పిన్నీ, అమ్మ రిమోటుతో కుస్తీలు పట్టలేదు" అని చెప్పి అక్క కూతురు పొద్దున ఆస్పత్రికి వెళ్ళింది, అక్కను ఇంటికి తీసుకురావడానికి. వెళ్తూ వెళ్తూ డిస్కుల పెట్టెను కాలితో గోడవారకు నెట్టి, "ఇవన్నీ ఎక్కించేశాక దీన్ని పంపేద్దాం, అమ్మ మంచం ఇక్కడే వేయాలి" అంది. పంపేద్దాం అంటే పాత సామాన్లవాడికే. కాబట్టి ఇప్పుడు ఏ గడిలో టిక్కు పెడితే ఆ గొంతు ఈ ఇంట్లో ఉంటుంది, పెట్టనిది తోపుడుబండి ఎక్కి పోతుంది. చిన్నది మౌసు మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది. యాభై దాటి చాలా కాలమైనా, జుట్టుకు రంగు వేయడం మానేసినా, ఈ ఇంట్లో ఆమె చిన్నదే. అక్క ఉన్నంతకాలం చిన్నదాన్ని పెద్దదాన్ని చేసేవాళ్ళెవరు?

మొదటి ట్రాకులో ఉన్నది అక్క గొంతు. రెండో ట్రాకులో ఉన్నది లోకమంతా అక్క గొంతనుకునే చిన్నదాని గొంతు. అంతే విషయం. ఇంత చిన్న విషయం చెప్పడానికి ఎన్నేళ్ళుగానో నోరు రాలేదు, ఇప్పుడు ఈ పెట్టె దగ్గర కూర్చుని టిక్కు పెట్టడానికి చెయ్యి రావడం లేదు. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని రెండో ట్రాకు నొక్కింది. హెడ్మిస్ట్రెస్ వరండాలో నిలబడి ఉంది, తెల్లచీర, చేతిలో తాళాలగుత్తి, ఎదురుగా బడి వదిలిపోతామని బెదిరించే టీచర్లు. "తలుపు తీసే ఉంచాను. వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చు." అబ్బ, ఏం పలికింది! కోపం లేదు, బతిమాలడం లేదు, 'వెళ్ళొచ్చు' దగ్గర గాలి కొంచెం ఎక్కువ వదిలింది, అంతే, వెళ్ళేవాళ్ళకు కాళ్ళు రాలేదు. ఆ సీరియలు వచ్చిన రోజుల్లో భార్యాభర్తలు పోట్లాడుకున్నా ఈ మాటే, కొట్టువాడు బేరం కుదరకపోయినా ఈ మాటే. ముఖం అక్కది. ఆ ముఖం ముందు ఎవరూ నిలబడలేరు, అది నిజం, కాదంటే కళ్ళు పోతాయి. నోరు తెరిచిందంటే మాత్రం పగిలిన కుండలో గులకరాళ్ళు. అమ్మ అనేది కదా, "ఇద్దరికీ కలిపి ఒక్క మనిషినే చేశాడే దేవుడు, కొట్టుకోకుండా పంచుకోండి" అని. పంచుకున్నారు. కొట్టుకోలేదు. ఒకరు పంచారు, ఒకరు పుచ్చుకున్నారు, పంపకం అంటే అదే అనుకుంది చిన్నది ఆ వయసులో.

తోడు వెళ్ళింది మొదట, అంతే. అక్కకు వేడినీళ్ళ ఫ్లాస్కు మోసుకుంటూ డబ్బింగ్ థియేటరుకు. చీకటి గది, గోడలకు బొంత లాంటి గుడ్డ, తెర మీద అక్క పెదవులు కదులుతుంటే మైకు ముందు అక్క ఆ పెదవుల వెంటపడుతోంది, అందుకోలేకపోతోంది, గొంతు జీరబోతోంది, డైరెక్టరు తల పట్టుకుంటున్నాడు. అక్క వెనకాల నిలబడి మాట అందించింది చిన్నది, బడిలో పక్కపిల్లకు అందించినట్టు. అద్దం వెనక సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోను సర్దుకుని "ఎవరమ్మా అది? ఆ రెండో గొంతు ఎవరిది?" అన్నాడు. ఆ క్షణంలో అక్క వెనక్కి తిరిగి చూసిన చూపు. దాన్ని కోపమనలేం, భయమనలేం, ఇంట్లో వంట మాడిపోతుంటే పక్కింటావిడ వచ్చి పొయ్యి కట్టేసినప్పుడు చూస్తామే, అలాంటి చూపు. ఆ రోజు నుంచీ మైకు ముందు చిన్నది, మైకు వెనక అక్క, ఫ్లాస్కు మాత్రం చిన్నదాని చేతిలోనే. ఇంజనీరు ఆమెకు గొంతెమ్మ అని పేరు పెట్టాడు. థియేటరంతా ఆ పేరే. గొంతెమ్మ వచ్చిందా, గొంతెమ్మకు టీ ఇచ్చారా. ఒక రోజు ధైర్యం చేసి, చివర్లో పేర్లు వేస్తారు కదా, అక్కడెక్కడో ఒక మూల నా పేరు వేయొచ్చుగా అని అడిగింది. సీరియలు తీసేది బావే. "ఇదిగో, గొంతెమ్మ మొదలుపెట్టింది కోరికలు!" అన్నాడు. గదంతా ఘొల్లుమంది. అక్క నవ్వింది. చిన్నది కూడా నవ్వింది. పేరు పెట్టినప్పుడే తెలియాల్సింది, గొంతెమ్మ అని పిలిపించుకున్నాక ఏది అడిగినా గొంతెమ్మ కోరికే అవుతుందని.

ట్రాకు కింద ఇంకో వరస ఉంది. ఉన్నది ఉన్నట్టు పంపాలా, మార్చి పంపాలా. ఐదు స్పీకర్లకా, రెండు స్పీకర్లకా. మొదటి ట్రాకు ఐదు స్పీకర్ల కొత్త శబ్దం, దర్జాగా ఉంటుంది: సంగీతం రెండు పక్కలా, పిల్లల గోల వెనకవైపు, మధ్య స్పీకరులో అక్క ఒక్కతే. సినిమా హాలు కట్టించుకున్నవాళ్ళకు తప్ప ఎవరికి కావాలి ఇదంతా? ఇంట్లో టీవీకి ఉన్నవి రెండు చిన్న స్పీకర్లు. రెండుకు కుదించమంటే కంప్యూటరు మధ్యలో ఉన్న అక్కను చెరి సగం చేసి అటు కొంచెం ఇటు కొంచెం సర్దుతుంది. బతుకంతా మధ్యలో నిలబడిన మనిషిని సర్దడం ఎంత సులువో ఈ యంత్రానికి, ఒక్క నొక్కు. చిన్నది రెండు స్పీకర్లు ఎంచుకుంది. తర్వాత ఇంకోటి, పెద్ద శబ్దాన్ని అణిచి చిన్న శబ్దాన్ని లేపే సెట్టింగు. ఇది లేకపోతే సంగీతం వచ్చినప్పుడు చెవులు చిల్లులు పడతాయి, మాటలు వచ్చినప్పుడు టీవీకి చెవి ఆనించాలి. ఎంత లేపాలో గీత మీద జరపాలి. కొంచెం జరిపింది. చిన్నవాళ్ళను లేపి పెద్దవాళ్ళను అణిచే సెట్టింగు ఒకటుందని, అది పావు అంగుళం గీత మీద ఉంటుందని తెలుసుకోవడానికి ఈ వయసు రావాలా? ఇంకొంచెం జరిపింది. మరీ జరిపితే కుర్చీ కిర్రుమనేదీ, పుట తిప్పేదీ, ఊపిరి తీసేదీ అన్నీ పైకొస్తాయి. దాచుకున్న ఊపిరంతా పైకొస్తే భరించడం కష్టమే. కొంచెం వెనక్కి లాగింది.

విలేకరులు ఇంటికొస్తే చిన్నది మాట్లాడకూడదు. ఇది బావ పెట్టిన రూలు. రాసి గోడకు తగిలించలేదు గానీ రూలే. అక్క సోఫాలో కూర్చునేది, "గొంతు బాగోలేదండీ, డాక్టరు మాట్లాడొద్దన్నాడు" అని సైగలు చేస్తూ నాలుగు మాటలు గొణిగేది, చిన్నది ట్రేలో టీ తెచ్చి పెట్టి నిలబడేది. ఒకసారి ఒక విలేకరి తనను చూసి గొంతు తగ్గించి, "పాపం, మీ చెల్లెలు మూగా?" అన్నాడు. అక్క ఏమంటుందోనని చూసింది చిన్నది. అక్క బిస్కెట్ల పళ్ళెం అతని ముందుకు జరిపింది. మర్నాడు పేపర్లో, మూగచెల్లెల్ని కడుపులో పెట్టుకుని చూసుకునే మహానటి అని వచ్చింది. నోట్లో నాలుక లేని మనిషి అని అమ్మ అలవాటుగా అనే మాటను పేపరువాడు నిజం చేశాడు. సొమ్మొకరిది సోకొకరిది అంటారు గానీ, సోకు చేసుకున్నవాళ్ళు సొమ్మిచ్చినవాళ్ళ నోరు కూడా కుట్టేస్తారని ఆ సామెత చెప్పదు. కూరగాయల కొట్టు దగ్గర ఇంకా ఘోరం. వంకాయలు పుచ్చులున్నాయని గట్టిగా అడిగింది. కొట్టువాడు తూకం ఆపి కళ్ళు పెద్దవి చేసుకుని, "అచ్చం హెడ్మిస్ట్రెస్సమ్మ లాగే అన్నావమ్మా! మిమిక్రీ బలే చేస్తావే. కానీ ఆమె గొంతులో ఉన్న తియ్యదనం నీకు రాలేదులే" అన్నాడు. పుచ్చు వంకాయలే తీసుకుని ఇంటికొచ్చింది. తన గొంతుకు తనే నకలు, అది కూడా నాసిరకం నకలు. ఎవరితో చెప్పుకుంటుంది? చెబితే నవ్వుతారు, నవ్వితే తనూ నవ్వాలి.

హెడ్‌ఫోనులో హెడ్మిస్ట్రెస్ ఎవరో పిల్లాణ్ణి మందలిస్తోంది. ఆ గొంతు ఇప్పుడు చిన్నదాని దగ్గరా లేదు. అరిగిపోయింది. అది పూర్తిగా పోకముందు ఒక కంపెనీవాళ్ళు పిలిచి లిఫ్టులకు మాటలు చెప్పించుకున్నారు. పైకి వెళ్తోంది. కిందకు వెళ్తోంది. దయచేసి తలుపుల నుంచి దూరంగా నిలబడండి. పోయిన నెల అక్కను ఆపరేషనుకు తీసుకెళ్తుంటే, స్ట్రెచరు లోపలికి తోయగానే ఆస్పత్రి లిఫ్టు, "తలుపులు మూసుకుంటున్నాయి" అంది, చిన్నదాని గొంతుతో. స్ట్రెచరు మీద అక్క కళ్ళు తెరిచి పైకప్పులో ఉన్న స్పీకరు చిల్లుల వైపు చూసింది. గుర్తుపట్టిందా? ఇంకాసేపట్లో గొంతు కోయించుకోబోయే మనిషి ఏమంటుంది? డాక్టర్లు గొంతులోని కణితితో పాటు స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇక మాట రాదన్నారు. అప్పటినుంచీ పలకా బలపమూ. నీళ్ళు. ఫ్యాను. ఎప్పుడు ఇంటికి. ఆ రోజు ఆస్పత్రి వరండాలో కూర్చుని చిన్నది తన కడుపులో ఏముందోనని వెతుక్కుంది. జాలి ఉంది, పుష్కలంగా ఉంది. దాని అడుగున, పాత్ర అడుగున మాడిన పొరలాగ, ఇప్పుడు తెలిసిందా అనే మాట ఉంది. ఎంత తోమినా అది పోలేదు.

మొదటి ట్రాకు నొక్కింది. ఇది తర్వాత చేరింది. డిస్కులు వేసే కంపెనీవాళ్ళు ఐదు స్పీకర్ల శబ్దం కావాలన్నారట, పాత టేపులో మాటలూ సంగీతమూ కలిసిపోయి ఉన్నాయి, విడదీయడం కుదరదు, నటులందర్నీ పిలిచి మాటలు మళ్ళీ చెప్పించారు. ఆ గొంతు నాదేనని అక్క అప్పటికి ఊళ్ళో ఉన్న మైకులన్నిట్లో చెప్పేసింది. ఇక చెల్లెల్ని వెంటబెట్టుకుని ఏ ముఖంతో వెళ్తుంది? మీటింగులని చెప్పి ఒక్కతే వెళ్ళేది. పొద్దున్నే చిన్నది ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి ఇచ్చేది, సాయంత్రం ఆ ఫ్లాస్కు ఖాళీగా తిరిగొచ్చేది. మీటింగులకు అన్ని వేడినీళ్ళెందుకో తనకు తట్టలేదు, ఫ్లాస్కు మోసిన చేతికే తట్టలేదు! డిస్కు కొనుక్కొచ్చి పెట్టుకుని వింటే, తన మాటలున్న చోట గులకరాళ్ళు. లోకం ఏమంది? అయ్యో, వయసుతో గొంతు ఎలా మారిపోయిందో పాపం అంది. అబద్ధానికి ఎంత అదృష్టం ఉంటుందో, ముసలితనం కూడా వచ్చి సాక్ష్యం చెప్పింది. ఆ డిస్కును ఆ రోజే పగలగొట్టాల్సింది. పగలగొట్టలేదు, మిగతావి కూడా కొని పెట్టెలో దాచింది. రెండో ట్రాకులో తను ఉంది కదా మరి.

అయినా వినాలి. హెడ్మిస్ట్రెస్ బడిని మూసేసి వెళ్ళిపోయే ఎపిసోడు. ఖాళీ తరగతిలో బెంచీల మధ్య నిలబడి, "ఇవాళ హాజరు నేనొక్కదాన్నే" అంటుంది. చిన్నది ఆ మాటను ఏడుపు ఆపుకుంటున్నట్టు పలికింది, ఇంజనీరు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. అక్క ఆపుకోలేదు. 'నేనొక్కదాన్నే' దగ్గర గొంతు నిలువునా చీలింది, అక్షరం సగమే బయటికొచ్చింది, మిగతాది గాలి. చిన్నది వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. బాగుంది. ఛ, చచ్చినట్టు ఒప్పుకోవాలి, తనకంటే బాగుంది. మైకు ముందు నిలబడి, పక్కన మాట అందించేవాళ్ళెవరూ లేకుండా, ఫ్లాస్కులో నీళ్ళన్నీ తాగి పలికిన మాట. అక్క సొంత గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు, ఈ డిస్కుల్లో తప్ప. ఫోనులో దాచుకున్నదీ లేదు, అక్క రికార్డు చేయనిచ్చేది కాదు. ఇది తోపుడుబండి ఎక్కితే ఇక అంతే. మాట పోయిన మనిషి ఇంటికొచ్చి టీవీ పెట్టుకుంటే వేరేవాళ్ళ గొంతు వినిపించడం ఏం న్యాయం? తను చేస్తున్నది త్యాగం కాదని చిన్నదానికి తెలుసు, త్యాగం ఇంత చేదుగా ఉండదు. చివరిసారి కూడా పంపకమే. మొదటి ట్రాకుకు టిక్కు పెట్టింది, రెండోదానికి తీసేసింది. ట్రాకు పేరు అని ఒక ఖాళీ గడి ఉంది, అక్కడ రాసింది బొమ్మ మొదలవుతుండగా టీవీ మీద నాలుగు క్షణాలు కనిపిస్తుంది. టైటిల్ కార్డు! అక్క పేరు కొట్టి నొక్కింది. మొదటి ఎపిసోడు ఎక్కడం మొదలైంది.

కారు చప్పుడు, తలుపు చప్పుడు, హాల్లో చక్రాల కుర్చీ. అక్క సగమైపోయింది, మెడకు తెల్లగుడ్డ, ముఖం మాత్రం, ఏం చేయాలి, ఇప్పటికీ ఆ ముఖమే. చిన్నది వెళ్ళి చెయ్యి పట్టుకుంది. అక్క నొక్కింది, చెయ్యి వదలకుండా కళ్ళతో టీవీ వైపు చూపించింది. అక్క కూతురు రిమోటు నొక్కింది. టీవీ మీద పేరు, తర్వాత వరండా, తెల్లచీర, తాళాలగుత్తి, గులకరాళ్ళ గొంతు. అక్క ముఖం చిట్లించింది. పలక అందుకుని రాసింది: ఇది కాదు. నా గొంతు పెట్టు.

"తప్పు ట్రాకు పెట్టావా పిన్నీ?" అంది అక్క కూతురు. "ఇది తర్వాత చెప్పిందిలే, అప్పటికే అమ్మ గొంతు పాడైపోయింది. పాతది ఉంటుంది చూడు, అమ్మ అసలు గొంతు."

చిన్నది అక్క కళ్ళలోకి చూసింది. అబద్ధమాడేటప్పుడు అక్క కళ్ళు ఎలా ఉంటాయో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఎడమ కన్ను కాస్త వాలుతుంది. ఇప్పుడు వాలలేదు. నిజంగానే అడుగుతోంది, ఆకలేసిన మనిషి అన్నం అడిగినట్టు. అబద్ధమైతే పోట్లాడొచ్చు, చెల్లెలినన్న మాట మర్చిపోయి నోరు పారేసుకోవచ్చు. ఇది అబద్ధమే కాదాయె. మనిషి గట్టిగా నమ్మేసిన దాన్ని ఎక్కడినుంచి పట్టుకుని లాగుతారు? "ఒక్క నిమిషం" అని గదిలోకొచ్చింది. మొదటి ట్రాకు టిక్కు తీసింది. రెండోదానికి పెట్టింది. కావాలంది కదా, పెడతాను. ట్రాకు పేరు గడిలో అక్క పేరు తుడిచేసి, ఒక్కో అక్షరం గట్టిగా నొక్కుతూ కొట్టింది: గొంతెమ్మ. థియేటరంతా పిలిచిన పేరు, అక్క చెవులతో విన్న పేరు, నవ్విన పేరు. కళ్ళారా చదువుకోనీ ఇప్పుడు.

ఫైలు తయారైంది. హాల్లోకొచ్చి టీవీ పక్కన నిలబడింది, తెర వైపు కాదు, అక్క ముఖం వైపు తిరిగి. నాలుగు క్షణాలు. గొంతెమ్మ అన్న అక్షరాల వెలుగు అక్క కళ్ళద్దాల్లో కనిపించింది.

"గొంతెమ్మ ఏంటి?" అని నవ్వింది అక్క కూతురు. "ఎవరు పిన్నీ గొంతెమ్మ?" చిన్నది నోరు తెరిచింది. ఇన్నేళ్ళకు మొదటిసారి ఒకరు అడిగారు, ఎవరు అని. ఈలోగా పిల్లే అందుకుంది, కళ్ళు మెరిపించుకుంటూ, "అమ్మా, షూటింగుల్లో నిన్నలా పిలిచేవాళ్ళా?"

అక్క చిన్నదాని వైపు చూసింది. తర్వాత మెల్లగా తలూపింది, అవునని. ఎడమ కన్ను వాలిందో లేదో, అద్దాల మీద వెలుగు పడి కనిపించలేదు. "ఎంత బాగుంది పేరు! ఎప్పుడూ చెప్పలేదే!" అని పిల్ల తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసింది. తెర మీద హెడ్మిస్ట్రెస్ వరండాలోకి వచ్చింది. చక్రాల కుర్చీలో అక్క పెదవులు కదలడం మొదలుపెట్టాయి, శబ్దం లేకుండా, టీవీలోని మాటతో పాటుగా, ఒక్క అక్షరం ముందూ వెనకా లేకుండా. తలుపు తీసే ఉంచాను. వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చు. అద్దం వెనక ఇంజనీరు ఉంటే ఓకే అనేవాడు. చిన్నది తెరిచిన నోరు మూసుకుని, విలేకరులు వచ్చినప్పుడు వెళ్ళినట్టే చప్పుడు చేయకుండా గదిలోకి వెళ్ళింది. రెండో డిస్కు పెట్టాలి.